విశాఖలో ర్యాప్ బతుకుదెరువు: ఖర్చు లెక్క నుంచి హక్కుల కాగితం దాకా

విశాఖపట్నంలో ర్యాప్ పాడుతూ ఇల్లు గడుపుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పాట నేరుగా తెచ్చే డబ్బు చాలా తక్కువ. ఆ పాట విని మనల్ని వెతుక్కుంటూ వచ్చే పని తెచ్చే డబ్బే అద్దె కడుతుంది. కాబట్టి వ్యాపారపరంగా చూసినప్పుడు విడుదల చేసే ప్రతి పాటనూ ప్రచారపు ఖర్చుగా లెక్కవేసుకోవాలి, వేదికనూ, ఇతరులకు పాటలు రాసిచ్చే రాత పనినీ ఆదాయంగా చూడాలి, హక్కుల కాగితాలను దీర్ఘకాలపు ఆస్తిగా దాచుకోవాలి. తెలుగులో ర్యాప్‌తో పేరు తెచ్చుకున్నవారి ప్రస్థానం గమనించినా ఇదే కనిపిస్తుంది. నోయెల్ షాన్ సినిమాల్లో నటించారు, 2020లో బిగ్ బాస్ ఇంటికి వెళ్లారు. రోల్ రైడా 2018లో అదే కార్యక్రమం రెండో సీజన్‌లో పాల్గొన్నారు. ఒక్క స్ట్రీమింగ్ మీద ఆధారపడి కూర్చున్నవారు కారు.

ఈ మార్గదర్శిలో ఇచ్చిన ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే తప్ప మార్కెట్ రేట్లు కావు. వాటి స్థానంలో మీ సొంత అంకెలు పెట్టుకుని చదవండి.

మొదటి మెట్టు: ఏడాది ఖర్చును కాగితం మీద పెట్టడం

మద్దిలపాలెంలోనో గాజువాకలోనో ఒక గది, తిండి, బండికి పెట్రోలు, ఫోను, ఇంటికి పంపే కొద్దిపాటి సొమ్ము అన్నీ కలిపి నెలకు 22,000 రూపాయలు అవుతుందనుకుందాం. ఏడాదికి అది 2,64,000. ఇక పాట ఖర్చు చూద్దాం. బీట్‌కు (పాట వెనుక నడిచే సంగీతానికి) 5,000, స్టూడియోకు 3,000, గొంతునూ సంగీతాన్నీ కలిపి తుది మెరుగు దిద్దే మిక్సింగ్, మాస్టరింగ్ కలిపి 6,000, లొకేషన్‌లో తీసే వీడియోకు 20,000, కవర్ బొమ్మకూ ప్రచారానికీ 6,000 అనుకుంటే ఒక్కో పాటకు 40,000 అవుతుంది. ఏడాదికి నాలుగు పాటలు విడుదల చేస్తే 1,60,000. మొత్తం మీద 4,24,000 రూపాయలు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి.

ఇప్పుడు ఆదాయం వైపు చూడండి. ఒక షోకు 15,000 మాట్లాడుకున్నారనుకుంటే, డీజేకు 3,000, ప్రయాణానికి 2,000, పని తెచ్చిన మేనేజరుకు 15 శాతం చొప్పున 2,250 పోను మీ చేతికి 7,750 మిగులుతుంది. ఏడాది ఖర్చు తీరాలంటే దాదాపు 55 షోలు చేయాలి. కళాశాలల ఉత్సవాలు కొన్ని నెలలకే పరిమితమైన ఊరిలో, కొత్తగా వచ్చిన గాయకుడికి వారానికి ఒకటి చొప్పున ఏడాది పొడవునా షోలు దొరుకుతాయని నమ్మడం కష్టం.

అదే నాలుగు పాటల్లో ఒక్కదానికే లొకేషన్ వీడియో తీసి, మిగతా మూడింటికి ఇంట్లోనే గొంతు రికార్డు చేసుకుని లిరికల్ వీడియోతో సరిపెట్టి, ప్రచారపు ఖర్చు కూడా తగ్గించుకుంటే ఒక్కోదానికి 12,000 చాలనుకుందాం. అప్పుడు పాటల ఖర్చు 76,000కు, మొత్తం ఖర్చు 3,40,000కు, కావలసిన షోలు 44కు తగ్గుతాయి. షోలలో సగాన్ని రాత పనితో పూడ్చుకోగలిగితే లెక్క మనిషి చేయగలిగిన పరిధిలోకి వస్తుంది. చాలామంది ఈ కాగితం రాయకుండానే అప్పు చేసి వీడియో తీస్తారు. పాట బాగుండవచ్చు, వడ్డీ మాత్రం పాటతో సంబంధం లేకుండా నడుస్తుంది.

షోల డబ్బుకూ ఇంటి డబ్బుకూ వేరువేరు బ్యాంకు ఖాతాలు ఉంచండి. కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా లొకేషన్ వీడియో జోలికి వెళ్లకండి.

రెండో మెట్టు: పాట తయారీలో డబ్బు ఎక్కడ పోతుందో తెలుసుకోవడం

బీట్‌ను రెండు రకాలుగా తీసుకోవచ్చు. లీజుకు తీసుకుంటే తక్కువ ధరకే వస్తుంది, కానీ అదే బీట్‌ను ఇంకా ఎంతమందికైనా అమ్ముకునే హక్కు దాని యజమానికి ఉంటుంది. లీజు పత్రంలో ఎన్ని స్ట్రీములు, ఎన్ని వ్యూలు, ఎన్ని సంవత్సరాలు అనే పరిమితులు సాధారణంగా ఉంటాయి. పరిమితి దాటాక మళ్లీ డబ్బు కట్టాలి. ఎక్స్‌క్లూజివ్‌గా కొంటే ధర ఎక్కువైనా ఆ బీట్ మీ ఒక్కరికే దక్కుతుంది. లీజు బీట్ మీద చేసిన పాటను, ఒకే సంగీతం వాడిన వీడియోలను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో నమోదు చేయకూడదన్నది చాలామంది పట్టించుకోని విషయం. అదే బీట్ వాడిన మరో పది మంది వీడియోల మీద మీ పేరుతో క్లెయిములు పడతాయి, తగవు మొదలవుతుంది. ‘ఫ్రీ’ అని రాసి ఉన్న బీట్లు చాలావరకు డబ్బు రాని వాడకానికే ఉచితం. పాట మీద ప్రకటనలు ఆన్ చేసిన క్షణం నుంచి ఆ ఉచితం చెల్లదు.

నా అభిప్రాయంలో విశాఖ ర్యాపర్‌కు మంచి దారి ఊరిలోనే ఉన్న ఒక బీట్‌మేకర్‌తో భాగస్వామ్యం. ముందు ఇచ్చే సొమ్ము తగ్గించి, రాయల్టీలో (పాట వాడకం మీద వచ్చే సొమ్ములో) వాటా రాసి ఇవ్వవచ్చు. అవసరమైనప్పుడు పక్కన కూర్చుని మార్పులు చేయించుకోవచ్చు. షోకు వెళ్లేటప్పుడు ఆయనే డీజేగా వస్తే ఒక ఖర్చు కూడా కలిసివస్తుంది.

పాత సినిమా పాటలోని ముక్కను కోసి బీట్‌లో కలపడం తేలికే, దాని అనుమతి మాత్రం తేలిక కాదు. అందులో రెండు వేరువేరు హక్కులు ఉంటాయి: ఆ రికార్డింగ్ మీద ఆడియో కంపెనీ హక్కు ఒకటి, బాణీ మీదా సాహిత్యం మీదా ఉన్న హక్కు మరొకటి. మన దేశంలో రచనకూ సంగీతానికీ కాపీరైట్ రచయిత జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లు, రికార్డింగ్‌కు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి ‘పాత పాటే కదా’ అన్న ధీమా పనికిరాదు. అదే రాగాన్ని కొత్తగా వాయించి వాడితే రికార్డింగ్ హక్కు సమస్య తొలగుతుంది గానీ బాణీ హక్కు అలాగే ఉంటుంది.

ఇంట్లో రికార్డింగ్‌కు ఒక కండెన్సర్ మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు చాలు. బట్టలతో నిండిన అల్మారా తలుపులు తెరిచి, ఫ్యాను ఆపి పాడితే గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. సముద్రపు గాలిలోని తేమ కండెన్సర్ మైకులకు పడదు కనుక పని అయ్యాక మైకును సిలికా జెల్ వేసిన డబ్బాలో మూసిపెట్టడం మన ఊరి వారికి తప్పనిసరి అలవాటు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తరువాతి వెర్షన్లు కూడా ఉచితంగా వస్తాయి. మొదటి రెండేళ్లలో అంతకు మించి కొనవలసినదేమీ లేదు.

వీడియో గురించి ఒక హెచ్చరిక చేయాలి. బీచ్ రోడ్డు మీద డ్రోన్ ఎగరేస్తే దృశ్యం అద్భుతంగా వస్తుందన్నది నిజమే, కానీ విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం, నౌకాదళపు విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూడకుండా, అనుమతి తీసుకోకుండా డ్రోన్ లేపితే ఆ రోజు షూటింగ్‌తో పాటు పరికరం కూడా పోవచ్చు. కెమెరామన్ ‘చూసుకుందాంలే’ అన్నా అనుమతి కాగితం చూసిన తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

మూడో మెట్టు: పంపిణీ, యూట్యూబ్

స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్ వంటి వేదికలకు పాట చేరాలంటే ఒక డిస్ట్రిబ్యూటర్ కావాలి. కొందరు ఏడాదికింత అని చందా తీసుకుంటారు, కొందరు రాబడిలో శాతం తీసుకుంటారు. చందా పద్ధతిలో ఒక చిక్కుంది: డిస్ట్రోకిడ్ వంటి చోట్ల ఏటా చందా కట్టడం మానేస్తే, అదనపు రుసుము కట్టి ఉంచుకున్నవి తప్ప, పాటలు తొలగిపోతాయి. ఏడాదికి ఒకటి రెండు పాటలే విడుదల చేసేవారికి శాతం పద్ధతి నయం. ప్రతి రికార్డింగ్‌కూ గుర్తింపుగా ఇచ్చే 12 అక్షరాలు, అంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ను ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు పాత కోడ్ ఇస్తేనే పాత స్ట్రీముల లెక్క పోకుండా నిలుస్తుంది.

2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్‌కు గడచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు ఉంటే తప్ప రికార్డింగ్ రాయల్టీ రాదు. అందువల్ల పది పాటలు చెదురుగా వదలడం కంటే ఒక పాటను ఆ గీత దాటించడం ముఖ్యం. ఇదే చోట ఒక ప్రలోభం ఎదురవుతుంది. డబ్బు తీసుకుని స్ట్రీములు పెంచుతామనేవారు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ తగులుతారు. కృత్రిమమైన స్ట్రీములను గుర్తిస్తే ఆ వేదికలు రాయల్టీ ఆపేస్తాయి, పాటనే తీసేయవచ్చు కూడా. ఆ డబ్బుతో నాలుగు సైఫర్లకు (ర్యాపర్లు ఒకచోట చేరి వంతులవారీగా పాడే కూడికలకు) టీ ఖర్చు పెట్టుకున్నా మేలే.

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు గానీ ఉండాలి. పూర్తి వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్ ప్రకటనల నిధిలో ఆ ఛానెల్ వాటాకు వచ్చినదానిలో 45 శాతం ఛానెల్ యజమానికి చేరుతుంది. ఖాతాలో 100 డాలర్లు పోగైతేనే సొమ్ము బ్యాంకుకు వస్తుంది. యూట్యూబ్ సొమ్ము వచ్చే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో పన్ను వివరాలు నింపకపోతే ప్రపంచమంతటి రాబడి నుంచీ 24 శాతం దాకా కోత పడే అవకాశం ఉంది. నింపి, ఇండియా, అమెరికా పన్ను ఒప్పందం కింద తగ్గింపు కోరితే అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీద మాత్రమే 15 శాతం కోస్తారు. అమెరికాలో తెలుగువారు చూసే ఛానెల్ అయితే ఈ తేడా చిన్నది కాదు.

మీ ఛానెల్‌కు వెయ్యి వ్యూలకు 30 రూపాయలు వస్తోందనుకుంటే, 40,000 పెట్టిన పాట ఖర్చు తిరిగి రావడానికి 13 లక్షలకు పైగా వ్యూలు కావాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం అయిదారు షోలు చేసినా అదే డబ్బు వస్తుంది. ఈ రెండింటిలో మీ చేతిలో ఉన్నది ఏదో చూసుకుంటే సమయం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: వేదిక

రుషికొండ నుంచి మధురవాడ మీదుగా సంగివలస దాకా కళాశాలలు వరసగా ఉన్నాయి. ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఉత్సవాల నిర్వహణ విద్యార్థి కమిటీల చేతుల్లో ఉంటుంది, డబ్బు మాత్రం స్పాన్సర్ల నుంచీ యాజమాన్యం నుంచీ రావాలి. మాట ఇచ్చేది మూడో సంవత్సరం విద్యార్థి, చెక్కు మీద సంతకం పెట్టేది మరొకరు. ఈ మధ్యలోనే బాకీలు పుడతాయి. అందుకని ఫ్యాకల్టీ కన్వీనర్ నుంచి ఒక ఈమెయిల్ తప్పక తెప్పించుకోండి. అందులో తేదీ, సమయం, ఎన్ని నిమిషాలు పాడాలి, ఎంత సొమ్ము, ఎప్పుడు చెల్లిస్తారు అన్న వివరాలు ఉంటే అదే ఒప్పందంగా పనికొస్తుంది. సగం అడ్వాన్సు, మిగతా సగం వేదిక ఎక్కే ముందు అన్నది న్యాయమైన పద్ధతి. ‘ప్రోగ్రాం అయ్యాక ఇస్తాం అన్నా’ అని ప్రేమగా చెప్పే తమ్ముళ్లకు అంతే ప్రేమగా ఆ ఈమెయిల్ చూపించాలి.

రేటు చెప్పేటప్పుడు మీ రుసుమునూ ఖర్చులనూ విడదీసి చెప్పండి. విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి అయితే రానుపోను కారు. హైదరాబాద్ అయితే రాత్రంతా రైలు, ఒక రోజు బస, డీజేకు కూడా టికెట్టు. ఇవన్నీ కలిపి ఒకే అంకె చెబితే బేరమాడినప్పుడు తగ్గేది మీ రుసుమే, రైల్వే వాళ్లు టికెట్టు తగ్గించరు.

వేదిక మీద కావలసినవి ముందే రాసి పంపాలి: రెండు వైర్‌లెస్ మైకులు, ఒక మానిటర్ స్పీకర్, ల్యాప్‌టాప్ నుంచి స్టీరియో లైను, పది నిమిషాల సౌండ్ చెక్. ర్యాప్‌లో ప్రతి మాట వినబడకపోతే షో పోయినట్టే. సౌండ్ వాళ్లకు మన పద్ధతి కొత్త కావచ్చు కనుక బీట్ స్థాయి గొంతు కంటే తగ్గించి పెట్టమని నిలబడి చెప్పించుకోవాలి. బ్యాకింగ్ ట్రాకులో మీ ప్రధాన గొంతు లేకుండా, వెనుక పలికే మాటలు మాత్రమే ఉండేలా వేరే మిక్స్ తయారు చేసుకోండి. పెదవులు కదిపి వెళ్లిపోయేవారిని రెండోసారి ఎవరూ పిలవరు.

మన తీరానికి ప్రత్యేకమైన నిబంధన ఒకటి ఒప్పందంలో ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బహిరంగ వేదిక కార్యక్రమం వాతావరణం వల్ల రద్దయితే అడ్వాన్సు మీ దగ్గరే ఉంటుందా, లేక కొత్త తేదీకి బదిలీ అవుతుందా అన్నది ముందే రాసుకోవాలి. కొత్త తేదీకి బదిలీ చేసి, అప్పటికే అయిన ప్రయాణ ఖర్చును మాత్రం నిర్వాహకులు భరించేలా రాసుకుంటే ఇరువురికీ ఇబ్బంది ఉండదు.

అలాగే శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పోలీసు అనుమతి నిర్వాహకుల బాధ్యత అయినా మీ వంతు తొమ్మిదిన్నరకు పెట్టారంటే అనుమానించండి. వక్తల ప్రసంగాలు సాగి సాగి మీ నలభై నిమిషాలు పది నిమిషాలకు కుదించుకుపోతాయి. పాడింది పది నిమిషాలే కాబట్టి సొమ్ము తగ్గిస్తామనే వాదన రాకుండా, ఆలస్యం నిర్వాహకుల వల్ల అయితే పూర్తి రుసుము చెల్లించాలని ఒక వాక్యం చేర్చండి.

సిరిపురం, బీచ్ రోడ్డు కేఫ్‌లలో జరిగే ఓపెన్ మైకుల వల్ల డబ్బు రాదు. కొత్త పాటను జనం మీద పరీక్షించడానికీ, ఈవెంట్ మేనేజర్ల కంట పడటానికీ మొదటి ఏడాది వెళ్లవచ్చు. టికెట్టు అమ్మే కార్యక్రమంలో మాత్రం ఉచితంగా పాడకండి.

అయిదో మెట్టు: రాత పని

ర్యాపర్ దగ్గర ఉన్న అసలు సరుకు మాటలు. దుకాణాల ప్రారంభోత్సవాలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, కోచింగ్ సెంటర్లు, పెళ్లి వీడియోలు, క్రికెట్ టోర్నమెంట్లు, హీరోల పుట్టినరోజులకు అభిమాన సంఘాలు, ఎన్నికల్లో అభ్యర్థులు, అందరికీ ముప్పై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా పాటలు కావాలి. ఉత్తరాంధ్ర మాండలికం సహజంగా పలకగలిగినవారికి ఇది పెద్ద అనుకూలత. శ్రీకాకుళం నుంచి పాయకరావుపేట దాకా సరుకు అమ్ముకోవాలనుకునే వ్యాపారికి హైదరాబాద్ యాస పాట కంటే మీ పాటే పనికొస్తుంది. నాయకుల పాటలు రాస్తే కళ దిగజారుతుందనే మాటతో నేను ఏకీభవించను. నచ్చని నాయకుడికి రాయనక్కరలేదు, అంతే. అయితే ఎన్నికల పాటకు పూర్తి సొమ్ము ముందే తీసుకోవాలి. ఓడినవారు ఫోను ఎత్తరు, గెలిచినవారికి తీరిక ఉండదు.

ఇటువంటి పనికి ధర మూడు అంశాలను బట్టి కట్టాలి: ఎన్ని సెకన్లు, ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు. ఒక నెల ఇన్‌స్టాగ్రామ్ వాడకానికి ఒక ధర, ఏడాది పాటు టీవీ, సినిమా హాళ్లతో కలిపి వాడకానికి మరో ధర. రెండు సార్లు మార్పులు ఉచితం, మూడో మార్పు నుంచి అదనం అని ముందే చెప్పకపోతే వ్యాపారి గారి బావమరిది కూడా మార్పులు సూచిస్తారు. మీ ఖాతాలో పెయిడ్ ప్రచారం పోస్టు చేసేటప్పుడు అది ప్రకటన అని స్పష్టంగా కనిపించేలా పెట్టాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది.

బెట్టింగ్ యాప్‌ల నుంచి వచ్చే పిలుపులను తిరస్కరించండి. కొత్త గాయకులకు అంత పెద్ద మొత్తం మరెవ్వరూ ఇవ్వజూపరు గనుక చేయి చాపాలనిపిస్తుంది. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను నిషేధించింది. వాటిని ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు.

సినిమా అవకాశం వచ్చినప్పుడు తరచుగా పాట మధ్యలో పదహారు బార్ల (దాదాపు పదహారు పంక్తుల) ర్యాప్ అడుగుతారు. ఆ మాటలు మీరే రాసి, మీరే పాడితే మీరు గాయకులే కాదు, ఆ భాగానికి గీత రచయిత కూడా. పాడినందుకు ఒకసారి ఇచ్చే సొమ్ముతో సంగతి ముగిసిందని అనుకుంటే రచయితగా రావలసినది జారిపోతుంది. అదెలా నిలబెట్టుకోవాలో తరువాతి మెట్టులో ఉంది.

ఆరో మెట్టు: హక్కుల కాగితాలు

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ మన వృత్తికి చాలా కీలకం. దాని ప్రకారం సినిమాలోగానీ రికార్డింగ్‌లోగానీ చేరిన సాహిత్యానికీ సంగీతానికీ, సినిమా హాలులో సినిమాతో పాటు ప్రదర్శించడం మినహా మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసి ఇవ్వడం చెల్లదు. కాబట్టి ‘సర్వ హక్కులూ ఇచ్చేశాను’ అని సంతకం పెట్టినా ఈ వాటా మీదే. అయితే హక్కు ఉన్నంత మాత్రాన డబ్బు నడిచి రాదు. రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ, 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్‌లో రచయితగా సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ అందులో నమోదు చేయాలి. బీట్‌మేకర్ స్వరకర్తగా తన వాటా నమోదు చేసుకోవాలి. గాయకుల ప్రదర్శన హక్కుల కోసం 2013లో ఏర్పడిన ఇస్రా ఇప్పుడు ఇసామ్రా పేరుతో పనిచేస్తోంది. అందులో గాయకుడిగా చేరవచ్చు. ఒకే మనిషి రెండు చోట్లా వేరువేరు హోదాల్లో సభ్యుడు కావచ్చని చాలామందికి తట్టదు.

పాట పూర్తయిన రోజునే, స్టూడియోలో ఉండగానే, వాటాల పత్రం రాసుకోవాలి. పాట పేరు, తేదీ, సాహిత్యం ఎవరిది ఎంత శాతం, సంగీతం ఎవరిది ఎంత శాతం, రికార్డింగ్ యాజమాన్యం ఎవరిది, వీడియో ఎవరిది, మిక్సింగ్ చేసినవారికి ఒకేసారి సొమ్మా లేక వాటానా అన్న వివరాలు రాసి, అందరి సంతకాలూ తీసుకుని, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. పాటకు పది వేల వ్యూలు ఉన్నప్పుడు ఈ మాట మాట్లాడటం తేలిక. పది లక్షలు దాటాక స్నేహితుల మధ్య కూడా గొంతులు పెరుగుతాయి.

లేబుల్ (పాటలు విడుదల చేసే ఆడియో కంపెనీ) ఒప్పందం చదివేటప్పుడు చూడవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా భావిస్తుంది, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. ఆ సంగతి తెలిసిన లేబుళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాయిస్తాయి. దాన్ని ఏడేళ్లకో పదేళ్లకో తగ్గించమని అడగడం తప్పు కాదు. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోగా వాటిని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, ఆ బదిలీ రద్దవుతుంది. మీ పాటను కొని అటక మీద పడేసిన లేబుల్ నుంచి బయటపడటానికి ఇదొక దారి. అడ్వాన్సు గురించి కూడా అడగండి. అది మీ రాయల్టీలోంచి తిరిగి వసూలు చేసుకునేదా, కాదా? వీడియో ఖర్చును కూడా మీ ఖాతాలోనే రాస్తారా? మూడేళ్లలో మీరు చేసే ప్రతి పాటా వారికే చెందాలని అంటే, వారు కనీసం ఎన్ని పాటలు విడుదల చేస్తారో కూడా రాయించుకోవాలి. ఇంత చదవడానికి ఒక న్యాయవాదికి రుసుము ఇవ్వడం వీడియోలో ఒక గంట డ్రోన్ కంటే చౌక.

సాహిత్యాన్ని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయడానికి ఒక్కో రచనకు 500 రూపాయలు, రికార్డింగ్‌కు 2,000 రూపాయలు రుసుము. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది కనుక ప్రతి పాటకూ అవసరం లేదు. డబ్బు తెచ్చే పాటకు చేయించండి. ర్యాపర్‌గా మీరు పెట్టుకున్న వేదిక పేరును మాత్రం అశ్రద్ధ చేయకండి. వినోద సేవలకు సంబంధించిన 41వ తరగతిలో వ్యక్తి ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చేస్తే రుసుము 4,500 రూపాయలు, నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది.

ఏడో మెట్టు: పన్నులు, రాని బాకీలు

ప్రతి పనికీ వరుస సంఖ్యతో, పాన్ నంబరుతో బిల్లు ఇవ్వండి. వేదిక పేరు ఎంత గొప్పదైనా బిల్లు, పాన్, బ్యాంకు ఖాతా, యాడ్‌సెన్స్ అన్నింటిలోనూ అసలు పేరు ఒకేలా ఉండాలి. సంస్థలు వృత్తి రుసుము మీద 10 శాతం టీడీఎస్ (సొమ్ము ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను) కోస్తాయి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చేది 50,000 దాటినప్పుడే ఈ కోత. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు కనుక, కోసిన సొమ్ము రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది. రిటర్ను వేయని గాయకులు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టే. అదీగాక, బ్యాంకు లోను అడిగిన రోజున మూడేళ్ల రిటర్నులే మీ జీతం పత్రం.

సేవల ద్వారా ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. యూట్యూబ్ నుంచి వచ్చే విదేశీ చెల్లింపు కూడా ఆ 20 లక్షల లెక్కలో కలుస్తుంది. జానపద, శాస్త్రీయ కళాకారుల ప్రదర్శనకు 1,50,000 రూపాయల దాకా ఉన్న మినహాయింపు ర్యాప్‌కు వర్తించదని గుర్తుంచుకోండి.

చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదైతే ఒక ఆయుధం దొరుకుతుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం అలా నమోదైనవారికి గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఒప్పుకున్న పని మొదలుపెట్టే ముందే ఈ నమోదు జరిగి ఉండాలి. ఫిర్యాదు దాకా వెళ్లకపోయినా బిల్లు అడుగున ఉద్యం నంబరు, ఈ నిబంధన రాసి పంపితే చాలా అకౌంట్స్ విభాగాల్లో ఫైలు కదులుతుంది.

ఎనిమిదో మెట్టు: ఉద్యోగం మానడం ఎప్పుడు

స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు పనో, ఫార్మా కంపెనీ షిఫ్టో, రుషికొండ ఐటీ ఉద్యోగమో చేస్తూ ర్యాప్ చేసేవారు ఉద్యోగం మానేముందు మూడు షరతులు పెట్టుకోవాలి. వరుసగా 12 నెలలు ర్యాప్ రాబడి ఇంటి ఖర్చును దాటి ఉండాలి. ఆ రాబడిలో పని ఇచ్చే ఏ ఒక్కరి వాటా మూడో వంతుకు మించకూడదు. ఆరు నెలల ఖర్చు, దానికి తోడు సొంత ఆరోగ్య బీమా చేతిలో ఉండాలి. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది, గొంతుకు శస్త్రచికిత్స అవసరమైతే ఆ నెలల్లో షోలు కూడా ఉండవు. కొత్త పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది కనుక సొంత పాలసీని ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలి. పింఛను లేని వృత్తి కాబట్టి ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకమైన పీపీఎఫ్ ఖాతా కూడా అప్పుడే తెరవండి. ఏడాదికి కనీసం 500 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది, రాబడి బాగున్న ఏడాది 1,50,000 దాకా వేసుకోవచ్చు.

మూడు షరతుల్లో రెండే కుదిరితే ఉద్యోగం మానకుండా, రాత్రి షిఫ్టు నుంచి పగటి షిఫ్టుకు మారడానికి గానీ, జనవరి నుంచి మార్చి దాకా కళాశాలల ఉత్సవాల కాలంలో సెలవులు పోగుచేసి వాడుకోవడానికి గానీ యాజమాన్యంతో మాట్లాడండి.